బొత్తాం ముక్కులో మొండి క్రిమి

ఈర్ష్య గురించి చెప్పాలంటే ఈర్ష్య ఎరగనివాడే చెప్పాలి. నూతిలో పడ్డవాడికి నూతి లోతేం తెలుస్తుంది, గట్టున నిలబడి తొంగిచూసినవాడికి తెలియాలి గానీ. డెబ్భై ఎనిమిదేళ్ళలో ఒక్కనాడు, ఒక్కరిని చూసి, చిటికెడు కడుపుమంట పడని మనిషిని నేను. కనుక ఈ దర్జీ కథ చెప్పే హక్కు నాదే.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. అది కట్టినవాడు ఎవడో మగవాడే అయ్యుంటాడు. ఏ ఇల్లాలో కట్టి ఉంటే తోడల్లుళ్ళ మీద కట్టేది. తోడికోడళ్ళు ఏడ్చి ఊరుకుంటారు. తోడల్లుళ్ళు ఏడవరు. పళ్ళికిలించి "బాగున్నావా తమ్ముడూ" అంటూ లోపల కుతకుత ఉడుకుతారు.

దర్జీ కొట్టు ఎంత ఇరుకంటే, లోపలికి వచ్చినవాడు తిరిగి వెళ్ళాలంటే వెనక్కి నడవాల్సిందే. కొట్టు వెనక రెండు గదులు. అందులో దర్జీ, భార్య, అత్తగారు, రెండేళ్ళ కూతురు. ఆ పిల్ల ఎనిమిది నెలలప్పుడు ఒక కోటు బొత్తాన్ని మింగి, మర్నాడు చెక్కుచెదరకుండా తిరిగి ఇచ్చేసింది. అప్పట్నుంచి పిల్ల పేరు బొత్తాం. ఆ బొత్తాన్ని కడిగి దర్జీ ఎవరి కోటుకు కుట్టాడో నేను చెప్పను. ఆ కోటు వేసుకునే పెద్దమనిషి ఇంకా దాన్నే వేసుకుని తిరుగుతున్నాడు.

మేడ మీద భాగంలో దర్జీ భార్య చెల్లెలు, ఆమె మొగుడు, వాళ్ళ కొడుకు ఉంటారు. మొగుడు లిఫ్టు మెకానిక్. కొడుకు బొత్తాం కంటే నెల చిన్న. కూర్చోబెడితే లేస్తాడు, పడుకోబెడితే ఎగురుతాడు. వాడి పేరు స్ప్రింగు.

లిఫ్టు మెకానిక్ మీద దర్జీకి ఎంత మంట అంటే, దాన్ని అంగుళాల్లో చెప్పగలడు. తోడల్లుడి పెళ్ళి సూటు కుట్టింది ఈయనే మరి. తోడల్లుడి ఛాతీ నలభై, తనది ముప్ఫై నాలుగు. తోడల్లుడి భుజం పద్దెనిమిదిన్నర, తనది పదహారు. నడుము ఒక్కటే తనది ఎక్కువ. శత్రువు కోట కొలతలు కంఠస్థం చేసిన సేనాపతిలా ఆ అంకెలు ఆయన నాలుక చివర ఉండేవి. రోజంతా గ్రీసులో చేతులు పెట్టే మనిషి చొక్కా కాలరు సాయంత్రానికి కూడా తెల్లగా ఎలా ఉంటుందో, తెల్ల బట్టల మధ్య కూర్చునే తన కాలరు పదింటికే ఎందుకు మాస్తుందో దర్జీకి అంతుపట్టేది కాదు.

అత్తగారు తినేది కింద, పొగిడేది పైన.

"ఎంతైనా చిన్నల్లుడిది గొప్ప పని నాయనా. మనుషుల్ని పైకి తీసుకెళ్తాడు" అనేది.

"మళ్ళీ కిందకి దించేది కూడా అతనే కదా అత్తయ్యా" అనేవాడు దర్జీ, దారం కొరుకుతూ.

ఇలా నిప్పు లేని పొగలా సాగుతున్న వ్యవహారానికి నిప్పు పెట్టింది ఆరోగ్య కేంద్రం.

వీధి చివరి ఆరోగ్య కేంద్రంలో ఒక పరిశీలన మొదలుపెట్టారు. రెండు మూడేళ్ళ పిల్లల ముక్కుల్లో ఏ క్రిములు కాపురం ఉంటున్నాయో రెండు నెలలకోసారి చూస్తారట. సన్నటి పుల్ల చివర దూది చుట్టి, ముక్కులో లోపలిదాకా పెట్టి, తిప్పి తీసి, సీసాలో వేసి ప్రయోగశాలకు పంపుతారు. ఆ పని చేసే నర్సుకు పిల్లలు పుల్ల నర్సు అని పేరు పెట్టారు. అక్కాచెల్లెళ్ళిద్దరూ పిల్లల్ని చేర్పించారు. ఇద్దరికీ నిమోనియా టీకాలు అన్ని డోసులూ పడ్డాయి.

మొదటిసారి పుల్ల పెట్టిన రోజున నర్సు తల్లిదండ్రులందర్నీ బల్లల మీద కూర్చోబెట్టి చెప్పింది.

"పిల్లల ముక్కు బస్సులాంటిదమ్మా. ఎప్పుడూ ఎవరో ఒకరు ఎక్కి కూర్చునే ఉంటారు. చాలామంది పెద్దమనుషుల్లా కూర్చుని, వాళ్ళ స్టాపు రాగానే దిగిపోతారు. కొంతమంది మాత్రం ఎప్పుడైనా చెవిలోకో ఊపిరితిత్తుల్లోకో దూరి గొడవ చేస్తారు. టీకా ఏం చేస్తుందంటే, ఆ రౌడీ రకాల్లో కొన్నిటిని దింపేస్తుంది. ఖాళీ అయిన సీట్లో వేరే రకం వచ్చి కర్చీఫ్ వేస్తుంది. వచ్చింది ఎవరో తెలుసుకోడానికే ఈ పుల్ల."

"మరి యాంటీబయాటిక్ ఇస్తే?" అని అడిగాడు లిఫ్టు మెకానిక్. ఏ యంత్రం గురించి విన్నా విప్పి చూడందే నిద్రపట్టని మనిషి.

"అది మెతకవాళ్ళని చంపుతుంది. మొండివాళ్ళు మిగిలితే, ఖాళీ బస్సులో కాళ్ళు చాపుకుంటారు. అందుకే ఫారంలో అడుగుతాం, గడిచిన రెండు నెలల్లో పిల్లకి యాంటీబయాటిక్ ఇచ్చారా అని. నిజం రాయండి. అది ఒక్కటి తప్పు రాస్తే మా లెక్కంతా తప్పుతుంది."

మంచి ప్రశ్న అడిగాడని నర్సు మెకానిక్‌ని చూసి తల ఊపడం దర్జీ కంటపడింది. సమాధానం మాత్రం చెవిన పడలేదు.

పది రోజులకు రిపోర్టులు వచ్చాయి. స్ప్రింగు కాయితంలో "క్రిములు పెరగలేదు" అని ఉంది. బొత్తాం కాయితంలో "క్రిములు పెరిగాయి" అని ఉంది.

అంతే. దర్జీకి అది బడిలో ఫెయిలైన కాయితంలా కనబడింది.

"మాస్టారూ, ఇది పరీక్ష కాదు. మీ అమ్మాయి నిక్షేపంలా ఉంది. మంచి ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా సగం మందికి ఇలాగే ఉంటుంది. మొన్న లేని బాబుకి రేపు రావొచ్చు, ఉన్న పాపకి పోవచ్చు" అంది నర్సు.

ఆ మాట దర్జీ దాకా వచ్చేసరికి సగమే మిగిలింది. ఇంటికి వచ్చేసరికి ఆ సగాన్ని కూడా అత్తగారు తుడిచేసింది.

"చిన్నదాని కొడుకు ముక్కు అద్దంలా ఉందట. తండ్రి శుభ్రం వచ్చింది వాడికి" అంది, తమలో తాము మాట్లాడుకునేవాళ్ళు ఎదుటివాళ్ళకు వినబడేలా ఎంత గొంతు పెడతారో అంత గొంతుతో.

ఆ పూట దర్జీ ఒక ప్యాంటుకు రెండు ఎడమ కాళ్ళు కుట్టాడు.

రెండో పరీక్షకు మూడు రోజుల ముందు ఆయన కన్ను అటక మీద ఒక సీసా మీద పడింది. చలిలో బొత్తాంకు చెవిపోటు వచ్చినప్పుడు డాక్టరు రాసిచ్చిన, పొడిలో నీళ్ళు కలిపి తాగించే సిరప్. ఒక సీసాతోనే తగ్గిపోయింది. రెండోది మూత తీయకుండా పొడిగానే మిగిలింది. క్రిముల్ని చంపే మందు. ముక్కులో క్రిములున్నాయి. ఇంక ఆలోచించడానికి ఏముంది?

అయితే మన దర్జీ తొందరపాటు మనిషి కాదు. కొత్త బట్ట మీద మొదటి కత్తెర ఎప్పుడూ తక్కువే వెయ్యాలన్నది ఆయన గురువు చెప్పిన మొదటి పాఠం. తక్కువ కత్తిరిస్తే మళ్ళీ కత్తిరించుకోవచ్చు, ఎక్కువ కత్తిరిస్తే అతకలేం. ముందు వదులుగా కుట్టి, ఒంటి మీద వేసి చూసి, ఆ తర్వాత బిగించాలి. సీసా మీద రోజుకు మూడుసార్లు, చెంచా నిండా, ఏడు రోజులు అని ఉంది. దర్జీ నీళ్ళు పోసి కలిపి, అర చెంచా, రోజుకొక్కసారి, రెండు రోజులు ఇచ్చాడు. భార్య స్నానానికి వెళ్ళినప్పుడు, అత్తగారు మేడ మీద పొగడ్తలు వడ్డిస్తున్నప్పుడు. తియ్యగా ఉందని బొత్తాం చెంచా నాకింది. బట్టకు పనికొచ్చిన బుద్ధి మందుకు పనికిరాదని, అక్కడ తక్కువ వెయ్యడమే పెద్ద తప్పని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినావిడ మాట వినలేదు.

ఫారంలో "యాంటీబయాటిక్ ఇచ్చారా" అన్నచోట "లేదు" అని గుండ్రంగా, అందంగా రాశాడు.

ఈసారి ఫలితాలు తిరగబడ్డాయి. బొత్తాంకు పెరగలేదు. స్ప్రింగుకు పెరిగాయి.

దర్జీ ఆ కాయితానికి నాలుగు వైపులా గుడ్డ అంచు కుట్టి, కొట్టు గోడకు గుండు సూదులతో గుచ్చాడు. జేబు కుట్టించుకోడానికి వచ్చినవాడికి కూడా దాన్ని చదివి వినిపించాడు. చొక్కా మడత విప్పినట్టు ఛాతీ విప్పుకుని తిరిగాడు. ఆ వారం ఆయన ఛాతీ ముప్ఫై ఆరుంటుంది. ఇక్కడ నా మాటొకటి సవరించుకోవాలి. ఈర్ష్య ఎరగనన్నాను కదా, అది ఒట్టిది. నా వయసువాడే ఒకడు మా సందులో ఉన్నాడు. వాడి నోట్లో ముప్ఫై రెండు పళ్ళూ ఉన్నాయి. వాడు ఎండిపోయిన రొట్టె కొరుకుతుంటే నేను తలుపు వేసేసుకుంటాను. గట్టున ఉన్నానన్నది ఊరికే. నూతిలో దర్జీకి పక్కవాటా నాదే. కనుకనే ఆయన సంతోషం ఎలాంటిదో నాకు తెలుసు. అందులో ఒక్కటే లోటు. చూసి ఏడవాల్సినవాడు ఏడవలేదు.

"మంచిదే అన్నయ్యా. పిల్ల చల్లగా ఉంటే అంతకన్నా ఏం కావాలి" అన్నాడు లిఫ్టు మెకానిక్. ఈల వేసుకుంటూ మెట్లెక్కి పోయాడు.

"మీవాడికి పెరిగాయట కదా తమ్ముడూ" అన్నాడు దర్జీ, మెట్ల కింద నుంచి.

"పెరిగితే పెరిగాయిలే అన్నయ్యా. దిగిపోతాయట కదా."

తనను చూసి ఎదుటివాడు ఈర్ష్యపడకపోవడం అనే అవమానం అనుభవించినవాడికే తెలుస్తుంది. దర్జీ మూడో పరీక్షకు కూడా అదే సీసా దించాడు. రెండు నెలల కిందట నీళ్ళు కలిపిన మందు. అడుగున గడ్డకట్టి, పైన పల్చగా తేలింది. ఊపి, అర చెంచా, రెండు రోజులు. ఫారంలో మళ్ళీ "లేదు".

ఈసారి నర్సు కాయితం ఊరికే ఇవ్వలేదు. ఆరోగ్య కేంద్రం వరండాలో దర్జీని పక్కకు పిలిచింది.

"మాస్టారూ, పాపకి ఈ మధ్య ఏ మందూ ఇవ్వలేదా?"

"లేదమ్మా."

"సగం మందు, మిగిలిన మందు, ఏదైనా?"

"లేదంటున్నాను కదా."

"మొండి రకం పెరిగింది. మామూలుగా వాడే రెండు మందులకీ లొంగదు. ఇదిగో, వేటికి లొంగదో, వేటికి లొంగుతుందో కింద రాశారు. పాపకి జబ్బేం లేదు, ఇప్పుడు మందేం అక్కర్లేదు. కానీ ఇంట్లో పిల్లలెవరికి జబ్బు చేసినా ఈ కాయితం డాక్టరుకి చూపించండి. ఒకే గ్లాసులో తాగే పిల్లలు కదా, ఒకళ్ళ ముక్కులోది ఇంకొకళ్ళకి పాకుతుంది."

దర్జీ ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి, కొలతల పుస్తకంలో అట్టకీ కాయితానికీ మధ్య దాచాడు. ఇంట్లో అడిగితే "మళ్ళీ ఏం పెరగలేదు" అన్నాడు. గోడ మీది పాత కాయితం గోడ మీదే ఉంది.

రెండు వారాలు గడిచాయి. ఆ రోజుల్లో తేలు కుట్టిన దొంగకూ ఆయనకూ తేడా లేదు. ఎవరైనా తుమ్మితే ఉలిక్కిపడేవాడు.

తుమ్మింది స్ప్రింగు. మొదట జలుబు, తర్వాత చెవి పట్టుకుని ఏడుపు, ఆ తర్వాత జ్వరం. మూడో రోజుకు ఎగిరే పిల్లాడు ఎగరడం మానేశాడు. ఊపిరి గబగబా తీస్తున్నాడు, పక్కటెముకల కింద చర్మం లోపలికి పోతోంది. పెద్దాసుపత్రిలో నాలుగో అంతస్తులో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. మామూలు మందు ఎక్కించారు. ఒక రోజంతా చూశారు. జ్వరం దిగలేదు.

మర్నాడు మధ్యాహ్నం దర్జీ భార్య ఆసుపత్రి నుంచి కొట్టుకు వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

"డాక్టరమ్మ మందు మార్చాలా వద్దా అని చూస్తోందండీ. వాడి పరీక్ష రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుందట. ఇంట్లో ఇంకో పిల్ల ఉందా, ఆ పిల్లకి ఈ మధ్య ఏమైనా మందులు వాడారా, మొండి క్రిములేమైనా ఉన్నాయా అని అడిగింది. మా చెల్లి మొగుడు చెప్పాడు, మా అన్నయ్య కూతురే ఉంది, దానికేం లేదు, రిపోర్టు గోడకి పెట్టుకున్నాడు కూడా అని."

దర్జీ మిషను తొక్కడం ఆపాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన చెయ్యి కొలతల పుస్తకం మీదకు పోయింది. కాయితం చూపిస్తే అత్తగారి నోట్లో నానుతాడు. భార్య ముఖం చూడలేడు. అన్నిటికంటే ముందు ఆ నలభై అంగుళాల ఛాతీ ముందు ముప్ఫై నాలుగు అంగుళాలతో నిలబడాలి. చూపించకపోతే రెండు రోజుల్లో అసలు పరీక్ష ఎలాగూ వస్తుంది, డాక్టర్లే తేల్చుకుంటారు, ఎవరికీ తెలియదు. రెండు రోజులే. రెండు రోజులంటే ఎంత? అర చెంచా, రెండు రోజులు.

ఆ లెక్క దగ్గర ఆయన లేచాడు. టేపు మెడలోనే ఉంది. పుస్తకం చంకలో పెట్టుకుని ఆసుపత్రి దాకా నడవలేదు, పరిగెత్తాడు. దారిలో కూడా బుద్ధి మారలేదు చూడండి: ఇదే బొత్తాంకు జబ్బు చేసి ఉంటే తోడల్లుడు ఎంత నిబ్బరంగా ఉండేవాడో, అందరూ ఎంత మెచ్చుకునేవారో అని అప్పుడూ కుళ్ళుకున్నాడు. కుళ్ళుకుంటూనే పరిగెత్తాడు.

లిఫ్టు దగ్గర తోడల్లుడు కనబడ్డాడు. మందుల సంచీతో పైకి వెళ్తున్నాడు. మొదటిసారి అతని కాలరు మాసి ఉంది. దర్జీ ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్న కాలరు. చూశాక ఏం బాగాలేదు.

ఇద్దరూ లిఫ్టు ఎక్కారు. రెండో అంతస్తు దాటి, మూడోది రాకముందే లిఫ్టు గుక్కపట్టినట్టు ఆగిపోయింది.

"కంగారు పడకు అన్నయ్యా. తలుపు సరిగ్గా పడనట్టుంది. ఒక్క నిమిషం" అన్నాడు మెకానిక్, పలక మీద చెవి పెట్టి.

"తమ్ముడూ" అన్నాడు దర్జీ. "ముందు ఇది చదువు."

మెకానిక్ మడతలు విప్పి చదివాడు. రెండోసారి చదివాడు.

"బొత్తాందా ఇది?"

"అవును."

"ఎన్నాళ్ళైంది?"

"పద్దెనిమిది రోజులు."

"గోడ మీదది?"

"అది పాతది. దానికి ముందు కూడా మందు ఇచ్చాను. మీవాడికి లేవన్నారు, మా పిల్లకి ఉన్నాయన్నారు. నాకు..." దర్జీ మెడలోని టేపును రెండు చేతుల్తో పట్టుకున్నాడు. "నీకంటే తక్కువగా ఉండటం నా వల్ల కాలేదు. అందుకని అర చెంచా ఇచ్చాను."

"దేనికంటే తక్కువ?"

"నీకంటే."

"ముక్కుల్లోనా?"

అలా అడిగినప్పుడు గానీ ఆ మాట ఎంత చిన్నదో దర్జీకి కూడా తెలియలేదు.

మెకానిక్ ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. కాయితం జేబులో పెట్టుకుని, తలుపు సందులో వేళ్ళు దూర్చి ఒక్క గుంజు గుంజాడు. లిఫ్టు కదిలింది. తలుపు తెరుచుకోగానే దర్జీకంటే ముందు పరిగెత్తాడు.

డాక్టరమ్మ కాయితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చదివింది.

"అదే క్రిమి అని చెప్పలేను. కానీ అదే అయితే మనం ఎక్కిస్తున్నది నీళ్ళతో సమానం. పరీక్ష కోసం ఆగను, ఇప్పుడే మారుస్తాను" అంది. ఆ తర్వాత దర్జీ వైపు తిరిగింది. "ఇది నిన్న తేవాల్సింది."

"అవునమ్మా" అన్నాడు దర్జీ.

ఇంకో మందు ఎక్కించారు. మర్నాడు సాయంత్రానికి జ్వరం ఒక మెట్టు దిగింది. ఆ మర్నాడు స్ప్రింగు మంచం మీద లేచి నిలబడి, సెలైన్ గొట్టం పట్టుకుని ఊగబోతే నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన పరీక్షలో కూడా అదే మొండి రకం ఉందని తేలింది.

దర్జీ తనంతట తానే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడు. పుల్ల నర్సు పాత ఫారాలు రెండూ తీసి, ఆయన గుండ్రంగా రాసిన "లేదు"లను అడ్డంగా కొట్టేయించి, పక్కన "ఇచ్చాను" అని రాయించింది. ఎంత, ఎన్ని రోజులు, ఎంత పాత సీసా, అన్నీ రాయించింది. అర చెంచాయే ఎందుకంటే గురువు చెప్పిన కత్తెర పాఠం కూడా ఆయన చెప్పుకున్నాడు.

"మాస్టారూ, మందే వాడకుండా మొండి క్రిమి ఎలా వచ్చిందా అని మేం తల పట్టుకు కూర్చున్నాం. మీ ఒక్కరి ఇంట్లో అబద్ధం, మా లెక్కలో దయ్యమై తిరిగింది" అంది. "ఇక మీదట ఆ కత్తెర బట్టల మీదే వెయ్యండి."

గోడ మీది కాయితం భార్య పీకి పారేసింది. మూడు రోజులు మాట్లాడలేదు. మరదలు నెల రోజులు మాట్లాడలేదు. మెకానిక్ మాత్రం స్ప్రింగును ఇంటికి తెచ్చిన రోజునే కొట్టు ముందు ఆగాడు.

"అన్నయ్యా, వీడి చొక్కాలన్నీ వదులైపోయాయి. కాస్త బిగించి పెట్టు" అన్నాడు. కళ్ళలోకి చూడలేదు గానీ, చొక్కాలు బల్ల మీద పెట్టాడు. ఈల మాత్రం వేయలేదు.

దర్జీ ఆ చిన్న చొక్కాలను వేరే పనులన్నిటికంటే ముందు కుట్టాడు. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోడానికి లోపల అంగుళం బట్ట మిగిల్చాడు.

"చూశావా నాయనా చిన్నల్లుడి మనసు. ఒక్క మాట అన్నాడా? ఇంకొకడైతేనా..." అంది అత్తగారు, గుమ్మంలో నిలబడి.

దర్జీ సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. తనకు క్షమించే అవకాశం ఎందుకు రాదో, అది కూడా పై వాటాకే ఎందుకు దొరుకుతుందో అని ఆయన కడుపు చుర్రుమంది. దారం మూడుసార్లు తప్పింది. నాలుగోసారి ఎక్కింది.

ఇక లిఫ్టు సంగతి. ఆ ఆసుపత్రి లిఫ్టు ఆ రోజు ఆగలేదు, శుభ్రంగా నాలుగో అంతస్తుకు చేరింది. ఇద్దరూ అందులో ఒక్క మాట మాట్లాడుకోలేదు. దర్జీ ఆ మాటలన్నీ చెప్పింది వార్డు మధ్యలో నిలబడి, అత్తగారూ, మరదలూ, డాక్టరమ్మా, పక్క మంచాలవాళ్ళూ వింటుండగా. అంతమంది ముందు ఆయన్ని నిలబెట్టడానికి నాకే మనసొప్పలేదు. అందుకని రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య నేనే ఆపాను.